తిరుపతిలో అమ్మకానికొచ్చిన అయిదు యుద్ధ పతకాల ఫ్రేము: ఏది అసలు, ఏది కాదు

నల్ల వెల్వెట్ గుడ్డ మీద అయిదు పతకాలు, వాటి కింద ఒక టోపీ బ్యాడ్జి, పక్కన లామినేషన్ చేసిన ఒక కాగితం. పైన అద్దం. తిరుపతిలో ఈమధ్య చేతులు మారుతున్న ఈ ఫ్రేముకు అమ్మేవాళ్లు చెప్పే ధర 18,000 రూపాయలు. "అన్నీ ఒకే సిపాయివి, చిత్తూరు పక్క పల్లెలో ట్రంకు పెట్టెలో దొరికాయి, రెండో ప్రపంచ యుద్ధం నాటివి" అన్నది దాంతోపాటు చెప్పే మాట. ఆరింటినీ బయటికి తీయించి, కొలిచి, తూచి, లెన్సు కింద చూసిన తర్వాత తేలింది ఇది: బర్మా స్టార్, 1939–45 వార్ మెడల్ నిక్కమైనవి. బ్రిటిష్ వార్ మెడల్ అసలుదే గానీ దాని మీద పేరు మార్చారు. టోపీ బ్యాడ్జి అసలుదే గానీ యుద్ధకాలానిది కాదు. 1939–45 స్టార్, ఇండియా సర్వీస్ మెడల్ శుద్ధ నకిలీలు. కాగితం కూడా అంతే.

ఈ సరుకులోని మెలకువంతా ఇలా కలపడంలోనే ఉంది. పూర్తిగా నకిలీల సెట్ అయితే కాస్త తెలిసినవాళ్లు చూడగానే వదిలేస్తారు. రెండు అసలువి మధ్యలో పెడితే చెయ్యి ముందు వాటి మీదికే పోతుంది, అవి బాగున్నాయని మిగతావాటినీ నమ్మేస్తాం. కాబట్టి ఫ్రేముకు ధర కట్టకూడదు. ఒక్కో ముక్కకు విడిగా కట్టాలి.

మొదటి పని ఫ్రేము విప్పించడం. పతకం నిజం చెప్పేది అంచు దగ్గర, వెనకవైపు. ఫ్రేములో ఆ రెండూ కనపడవు. ఈ సెట్లో పతకాలను గుడ్డకు వేడి జిగురుతో అంటించారు. ఆ జిగురు నకిలీ స్టార్ వెనక భాగాన్ని పూర్తిగా కప్పేసింది. వేడి జిగురును చాకుతో గీకకూడదు, గీతలు పడతాయి. జిగురు అంచున దూదితో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది రెండు నిమిషాలు ఆగితే పెచ్చులాగా ఊడి వస్తుంది. విప్పడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇక మాట్లాడాల్సింది లేదు, వెనక్కి తిరిగి రావడమే.

కాగితం సంగతి తొందరగా తేల్చేయొచ్చు. 1946లో ఇచ్చిన సేవా పత్రమట. టైపు అక్షరాలు బాగున్నాయి, టీ నీళ్లలో ముంచిన రంగు కూడా బాగా కుదిరింది. కానీ చిరునామా చివర "చిత్తూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఉంది, దాని కింద 517001 అని పిన్‌కోడ్. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబర్ 1న. 1946లో చిత్తూరు మద్రాసు ప్రావిన్సులో ఉండేది. పిన్‌కోడ్ పద్ధతి వచ్చింది 1972 ఆగస్టు 15న. ఇలాంటి కాగితాల్లో "తిరుపతి జిల్లా" అని కనపడినా అంతే, ఆ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్‌లో. లోహం దగ్గరికి పోకముందే చిరునామా చదవడం ఎప్పుడూ మంచిది. డబ్బు ఖర్చు లేని పరీక్ష.

కావలసిన సామాను ఎక్కువేమీ కాదు. కంసాలులు వాడే 10 రెట్ల లెన్సు, 0.1 మి.మీ. వరకు చూపించే వెర్నియర్ కాలిపర్, 0.01 గ్రాము చూపించే చిన్న కాటా, ఒక అయస్కాంతం, దొంగనోట్లు పట్టే అతినీలలోహిత లైటు, గాజు గ్లాసు, దారం. ఇవన్నీ కలిపినా ఒక నకిలీకి పెట్టే డబ్బు కన్నా తక్కువే అవుతుంది.

ఇక స్టార్‌లు. 1939–45 స్టార్‌కూ బర్మా స్టార్‌కూ ఆకారం ఒకటే: ఆరు కోణాల నక్షత్రం, రాగి–జింక్ కలిపిన పసుపు లోహం, ఎత్తు 44 మి.మీ., వెడల్పు 38 మి.మీ. నడిమధ్య ఆరో జార్జి రాజముద్ర, అంటే జి, ఆర్, ఐ అక్షరాల అల్లిక, దాని లోపల రోమన్ అంకెల్లో ఆరు. చుట్టూ ఒక వలయం, వలయం పైభాగాన్ని కప్పుతూ కిరీటం. వలయం మీద ఆ స్టార్ పేరు. వెనకవైపు ఏ బొమ్మా ఉండదు, సాదా. ఈ ఫ్రేములో రెండూ పక్కపక్కనే ఉండటం మంచిదైంది, అసలుకూ నకిలీకీ తేడా అక్కడికక్కడే కనపడింది.

బర్మా స్టార్ ఎత్తు 44, వెడల్పు 38, సరిగ్గా వచ్చాయి. 1939–45 స్టార్ ఎత్తు 43.3, వెడల్పు 37.4. అర మిల్లీమీటరు దాటి తగ్గింది, రెండువైపులా ఒకే నిష్పత్తిలో తగ్గింది. ఇది అరిగిపోవడం వల్ల వచ్చే తేడా కాదు. అసలు పతకాన్ని అచ్చుగా తీసుకుని మట్టిలోనో రబ్బరులోనో ముద్ర వేసి, అందులో కరిగిన ఇత్తడి పోస్తే, చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది. సుమారు నూటికి ఒకటిన్నర వంతు. 44 మి.మీ.ది 43.3 అవడం ఆ లెక్కే. అరిగిన పతకమైతే కోణాల కొసలు మొద్దుబారతాయి గానీ, కొస నుంచి కొసకు దూరం ఇలా అన్నివైపులా సమంగా తగ్గదు.

లెన్సు పెడితే మిగతా సాక్ష్యం దొరికింది. అసలు స్టార్‌ను ఉక్కు అచ్చుతో గుద్దారు. కాబట్టి బర్మా స్టార్‌లో అక్షరాల గోడలు నిటారుగా, అక్షరాల మధ్య నేల చదునుగా, నున్నగా ఉన్నాయి. కిరీటం మీది ముత్యాలు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా లెక్కపెట్టొచ్చు. నకిలీలో ఆ ముత్యాలు కరిగిన మైనంలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. రాజముద్ర అల్లికలో ఏ గీత పైన పోతుందో, ఏది కింద పోతుందో తెలియదు. అక్షరాల మధ్య నేల మీద సూదిమొన సైజు గుంటలు ఉన్నాయి. పోతలో గాలి బుడగ చిక్కుకుంటే వచ్చే గుంటలు అవి. బర్మా స్టార్‌లో కోణాల పక్క అంచుల మీద కత్తిరించిన సన్నని నిలువు గీతలు కనపడ్డాయి. నకిలీలో అడ్డంగా, ఏటవాలుగా ఆకురాయి గీతలు. రెండు అచ్చుల మధ్య కారిన లోహపు అతుకును అరగదీసిన జాడ అది. ఇంకో చోటు పైకొస మీద రింగు దూరే చెవి. అసలుదాంట్లో ఆ చెవి స్టార్‌తో పాటే వచ్చింది. నకిలీలో చెవి విడిగా చేసి మాటు వేసి అతికించారు, మాటు తెల్లగా పక్కకు కారింది. వెనకవైపు మధ్యలో నాణెం అంత జాగాలో లోహం నేల తేడాగా మెరుస్తోంది. అలాంటి చోట ఉన్న గుర్తునేదో అరగదీశారని అనుమానించాలి. కొన్ని కంపెనీలు తాము చేసే నకళ్ల వెనక "కాపీ" అని ముద్ర వేస్తాయి. అది నిజాయితీ పని. చేతులు మారేటప్పుడు మధ్యలో ఎవరో దాన్ని చెరిపేస్తారు.

బరువు పరీక్ష ఇక్కడ పనికిరాదని గుర్తుంచుకోండి. అసలుదీ రాగి–జింకే, నకిలీదీ ఇత్తడే. రెండింటి సాంద్రతా దాదాపు ఒకటే. స్టార్‌ల విషయంలో కాలిపర్, లెన్సు, అంతే.

బర్మా స్టార్ వెనకవైపు పేరు ఉంది, అది దీనికి బలం. రెండో ప్రపంచ యుద్ధపు స్టార్‌లను బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండా ఇచ్చారు. భారత సైనికులకు ఇచ్చినవాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, దళం ఉక్కు పోటుతో (అక్షరం ఉన్న అచ్చుతో) గుద్దారు. ఈ పేరును లెన్సులో చూస్తే అక్షరం అడుగు చదునుగా ఉంది, అక్షరం చుట్టూ లోహం కాస్త ఉబ్బింది. ఉక్కు పోటును సుత్తితో కొట్టినా, యంత్రంతో నొక్కినా లోహం పక్కకు జరిగి అలా ఉబ్బుతుంది. చేతి ఉలితో చెక్కితే గాడి ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో ఉంటుంది, మూలల్లో ఉలి ఆగిన చుక్కలు ఉంటాయి. లేజర్‌తో వేస్తే అడుగు మాడినట్టు నల్లగా, లోతు ఎక్కడా తేడా లేకుండా, సన్నని సమాంతర గీతలతో ఉంటుంది. లేజర్ పేరు కనపడితే పతకం అసలుదైనా పేరు కొత్తదే.

పేరులోని మాటలు కూడా చూడాలి. భారత దళాల్లో హోదా సిపాయి, నాయక్, హవల్దార్ అని ఉంటుంది. ఇంజినీర్ల దళమైన సాపర్ దళంలో సాపర్. భారత దళం పేరు పక్కన బ్రిటిష్ "ప్రైవేట్" హోదా ఉంటే నమ్మకూడదు. మన జిల్లా వాళ్ల పేర్లు అప్పటి గుమాస్తాల చేతిలో రకరకాలుగా మారేవి. మునుస్వామి అయినా, చెంగయ్య అయినా తమిళ ఉచ్చారణకు దగ్గరగా రాసిన స్పెల్లింగులు కనపడతాయి. అది తప్పు కాదు, ఆ కాలపు వాసన. ఈనాటి ఆధార్ కార్డులో ఉన్నట్టు ఇంటిపేరు పూర్తిగా విప్పి రాసి ఉంటేనే ఆగి ఆలోచించాలి. యుద్ధంలో చనిపోయిన సైనికుడి పేరైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైటులో నంబరుతో, దళంతో వెతికి పోల్చుకోవచ్చు. చాలామందికి తండ్రి పేరు, ఊరు కూడా రాసి ఉంటాయి. బతికి తిరిగొచ్చిన వాళ్లు అందులో ఉండరు, కాబట్టి అక్కడ దొరకనంత మాత్రాన పేరు అబద్ధం కాదు.

ఈ బర్మా స్టార్ మీది నంబరూ, బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీది నంబరూ వేరు. దళమూ వేరే. "అన్నీ ఒకే సిపాయివి" అన్న మాట అక్కడే పోయింది. మా అంచనా ఏంటంటే, ఒక ఇంట్లో నిజంగానే బర్మా స్టార్, వార్ మెడల్ జతగా దొరికాయి. బర్మా స్టార్ వచ్చినవాళ్లకు సాధారణంగా 1939–45 స్టార్ కూడా ఉంటుంది కదా, అది పోయింది. ఆ ఖాళీని పోత ముక్కతో నింపారు.

బ్రిటిష్ వార్ మెడల్ దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఇది మొదటి ప్రపంచ యుద్ధపు పతకం. వ్యాసం 36 మి.మీ. ముందు అయిదో జార్జి తల, కిరీటం లేకుండా, ఎడమవైపు చూస్తూ ఉంటుంది. వెనక గుర్రం మీద బట్టల్లేని యోధుడు, గుర్రం కాళ్ల కింద గద్ద బొమ్మ ఉన్న డాలు, పుర్రె, పక్కన 1914, 1918. సుమారు అరవై అయిదు లక్షలు వెండిలో చేశారు. కార్మిక దళాలకు కంచులో ఇచ్చినవి లక్ష పైచిలుకు, భారత కార్మిక దళాలకు ఇచ్చినవి కూడా వాటిలో ఉన్నాయి. అందుకే ఇది వెండి కాకపోతే వెంటనే నకిలీ అనెయ్యకూడదు, ముందు అంచు మీద దళం పేరు చదవాలి. తుపాకి పట్టిన సిపాయి హోదాతో కంచు పతకం కనపడితే అప్పుడు అనుమానం.

ఫ్రేములో ఉన్నది వెండిదే. లోహంలో ఏది ఎంత శాతం ఉందో చూపించే టంచ్ మిషన్‌లో 92 శాతం దాటి వెండి, మిగతాది రాగి చూపించింది. జింక్ గానీ, నికెల్ గానీ రాలేదు. పోత ముక్క కూడా కాదు, గుర్రం జూలు వెంట్రుకలు స్పష్టంగా ఉన్నాయి. లోపం అంచులో ఉంది. పతకాన్ని తిప్పుతూ కాలిపర్‌తో పన్నెండు చోట్ల వ్యాసం కొలిస్తే 35.4 నుంచి 35.9 వరకు మారింది. అచ్చు గుద్దిన పతకం గుండ్రంగా ఉండాలి. పాత పేరును అరగదీసినప్పుడు అంచు ఇలా ఎగుడుదిగుడు అవుతుంది. పతకాన్ని కంటికి సమంగా పెట్టి, వెలుతురుకు ఎదురుగా మెల్లగా తిప్పితే పల్లం ఎక్కడుందో నీడలో తెలిసిపోతుంది. వేలాడే కడ్డీని పతకానికి పట్టే గోరు దగ్గర మాత్రం అంచు పూర్తి ఎత్తులో నిలిచింది, ఎందుకంటే అక్కడికి ఆకురాయి చేరదు. ఆ మెట్టు గోటికి తగులుతుంది.

పేరు అక్షరాలు రెండో సాక్ష్యం. గుర్రం, తల బొమ్మ ఎన్నో ఏళ్లు తోమినట్టు అరిగి నున్నబడ్డాయి. అంచు మీది అక్షరాలు మాత్రం నిన్న వేసినంత పదునుగా ఉన్నాయి. మన ఇళ్లలో వెండిని విభూతితో తోమే అలవాటు. అలా తోమిన అసలు పతకాల్లో అక్షరాల గాళ్లలో, కడ్డీ గోరు సందుల్లో గట్టిపడిన తెల్లటి మడ్డి కనపడుతుంది. ఇక్కడ గోరు సందులో మడ్డి ఉంది, బొమ్మ సందుల్లో ఉంది, అక్షరాల్లో ఒక్క రేణువు లేదు. అక్షరాలు మడ్డి తర్వాత వచ్చాయని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే గుర్తు ఉండదు. పేరు మార్చిన పతకానికి సేకరణ విలువ చాలా పడిపోతుంది. చరిత్ర మొత్తం అంచు మీదే ఉంటుంది కాబట్టి. దీనికి వెండి విలువకు మించి కాస్త కలిపి ఇస్తే చాలు.

1939–45 వార్ మెడల్ గురించి చెప్పాల్సింది తక్కువ. 36 మి.మీ., ముందు కిరీటం పెట్టుకున్న ఆరో జార్జి తల, వెనక రెండు తలల జంతువును తొక్కి నిలబడ్డ సింహం. ఆ రెండు తలల్లో ఒకటి గద్దది, ఒకటి డ్రాగన్‌ది. నకిలీల్లో ఈ రెండు తలలూ ఒకేలా కనపడతాయి, ఇందులో తేడా స్పష్టంగా ఉంది. అంచు గుండ్రంగా, కడ్డీ కదలకుండా గట్టిగా ఉంది. అసలుదే. అయితే అమ్మేవాళ్లు దీన్ని "వెండి మెడల్" అంటున్నారు. వెండి కాదు, రాగి–నికెల్ మిశ్రమం. వెండిలో ఇచ్చింది కెనడా వాళ్లకు. మన దగ్గర దొరికే వార్ మెడల్‌ను వెండి లెక్కలో కొంటే మోసపోయినట్టే, పతకం అసలుదైనా సరే.

ఇండియా సర్వీస్ మెడల్ మా దృష్టిలో ఈ సెట్‌లోకెల్లా హానికరమైన నకిలీ. దూరం నుంచి చూస్తే చాలా బాగుంది. యుద్ధకాలంలో భారత దళాల్లో మూడేళ్లు పనిచేసినవాళ్లకు 1946లో మొదలుపెట్టిన పతకం ఇది. కలకత్తా టంకశాలలో సుమారు 2,20,000 కొట్టారు. లోహం రాగి–నికెల్. వెనక అవిభక్త భారతదేశపు పటం, పైన దేశం పేరు, కింద 1939–45. విభజనకు ముందుది కాబట్టి పటంలో పాకిస్తాన్ గీత ఉండదు. నకిలీలో కూడా లేదు, ఎందుకంటే దాన్ని అసలుదాని నుంచే అచ్చు తీశారు. అందుకే బొమ్మ చూసి తీర్పు ఇవ్వలేం. దీన్ని పట్టించింది నీళ్ల పరీక్ష.

ఆ పరీక్ష ఎవరైనా చెయ్యొచ్చు. రిబ్బన్ తీసి పతకాన్ని పొడిగా తూచండి. తర్వాత కాటా మీద సగానికి పైగా నీళ్లున్న గ్లాసు పెట్టి, కాటాను సున్నా చెయ్యండి. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపితే బుడగలు అంటుకోవు. పతకాన్ని సన్నని దారంతో కట్టి పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అది గ్లాసు అడుగునూ పక్కనూ తాకకూడదు. అప్పుడు కాటా చూపించే అంకె పతకం ఘనపరిమాణం. మొదటి బరువును ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. స్టెర్లింగ్ వెండికి 10.3, రాగి–నికెల్‌కు 8.9, ఇత్తడికి 8.4 నుంచి 8.7 దాకా, బొమ్మల కంపెనీలు వాడే జింక్ మిశ్రమానికి 6.6–6.7 రావాలి. ఈ ఇండియా సర్వీస్ మెడల్ పొడిగా 21.4 గ్రాములు, నీళ్లలో 3.20. భాగిస్తే 6.69. జింకే. అదే పద్ధతిలో వార్ మెడల్ 28.2 గ్రాములు, 3.17. భాగిస్తే 8.9, ఉండాల్సిన చోటే ఉంది.

ఈ పరీక్షలో తప్పు జరిగేది బుడగ దగ్గర. కడ్డీ గోరు సందులో బుడగ చిక్కితే ఘనపరిమాణం ఎక్కువ చూపించి సాంద్రత తగ్గుతుంది, అసలు పతకాన్ని నకిలీ అనిపిస్తుంది. మూడుసార్లు చేసి, అంకెలు దగ్గరగా వస్తేనే నమ్మాలి. తర్వాత మెత్తని నూలు గుడ్డతో అద్ది, గాలికి ఆరబెట్టాలి. ఎనామిల్ రంగులున్న బ్యాడ్జీలకు ఈ పరీక్ష వద్దు, రంగు పెచ్చు కింద నీళ్లు చేరతాయి. అయస్కాంతం ఇక్కడ సాయపడదు. జింకూ అంటుకోదు, రాగి–నికెలూ అంటుకోదు. ఇనుము మీద పూత వేసిన చవకబారు ముక్కలను ఏరడానికే అయస్కాంతం.

ఈ నకిలీకి కడ్డీ గోరు దగ్గర నికెల్ పూత లేచింది, లోపల బూడిద రంగు లోహం కనపడుతోంది. రాగి–నికెల్ అరిగితే లోపలా అదే రంగు ఉంటుంది, పొర లేవదు.

టోపీ బ్యాడ్జిని "యుద్ధకాలపు సర్వీస్ కోర్" (సైన్యానికి సరుకులు అందించే దళం) అని అమ్ముతున్నారు. ఎనిమిది కోణాల నక్షత్రం, తెల్ల లోహం, వెనక రెండు రాగి చెవులు, మాట్లు శుభ్రంగా ఉన్నాయి. ముక్క మంచిది. కానీ నక్షత్రం మీద ఉన్నది అశోక స్తంభపు సింహాలు. అవి మన రాజముద్ర అయింది 1950 జనవరి 26న. యుద్ధం నాడు ఆ దళం పేరు రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, దాని మీద ఉండాల్సింది కిరీటం. కిరీటం ఉన్నా సరిపోదు, ఏ కిరీటమో చూడాలి. 1952 దాకా వాడిన రాజు కిరీటంలో పై వంపులు బోర్లించిన గిన్నెలా గుండ్రంగా పైకి లేస్తాయి. ఆ తర్వాత రాణి కాలంలో వచ్చిన కిరీటంలో వంపులు మధ్యలో కిందికి కుంగుతాయి. రాణి కిరీటంతో యుద్ధకాలపు బ్యాడ్జి ఉండదు. అలాగే బంగారు రంగులో తళతళలాడే, చేతిలో తేలికగా ఉండే అనోడైజ్డ్ అల్యూమినియం బ్యాడ్జీలు యుద్ధం తర్వాతి రకం.

బ్యాడ్జీల విషయంలో ఒక జాగ్రత్త. ఇంగ్లండులో చేసిన రెజిమెంటు బ్యాడ్జి అచ్చు గుద్దింది అవుతుంది, వెనక తిప్పితే బొమ్మ లోతుగా తిరగబడి కనపడుతుంది. ఆ సూత్రాన్ని భారత దళాల బ్యాడ్జీలకు గుడ్డిగా వాడకూడదు. యుద్ధకాలంలో దళాలు ఎక్కడుంటే అక్కడి బజారులో కంచరివాళ్ల చేత పోత పోయించుకున్నవి చాలా ఉన్నాయి. అవి మొరటుగా ఉంటాయి, బొమ్మ మొద్దుగా ఉంటుంది, అయినా అసలువే. పతకం పోతదైతే నకిలీ, బ్యాడ్జి పోతదైతే ఇంకా చూడాలి. చెవుల లోపలి అరుగుదల చూడండి. టోపీ గుడ్డకు పిన్ను రాసుకుని రాసుకుని చెవి లోపలి పైభాగం పలచబడాలి. ముందు అరిగి, వెనక చెవులు కొత్తగా ఉంటే ఆ అరుగుదల ఆకురాయిది.

రిబ్బన్లలో నాలుగు కొత్తవి. అతినీలలోహిత లైటు కింద పెట్టగానే నీలి తెలుపుగా వెలిగాయి. ఈనాటి నైలాన్, పాలిస్టర్ దారాల్లో, తెలుపు పెంచే రసాయనం కలిపిన దారాల్లో ఆ వెలుగు వస్తుంది. 1940ల నాటి నూలు, పట్టు రిబ్బన్లు మామూలుగా చీకటిగానే ఉండిపోతాయి. బర్మా స్టార్ రిబ్బన్ వెలగలేదు. ముదురు నీలం, నారింజ, నీలం, మధ్యలో వెడల్పాటి ఎరుపు, మళ్లీ అదే వరస, 32 మి.మీ. వెడల్పు, మడత దగ్గర రంగు పోయింది. అయితే ఈ పరీక్షను అటూ ఇటూ అతిగా నమ్మొద్దు. పాత రిబ్బన్‌ను డిటర్జెంట్ పౌడర్‌లో ఉతికితే అదీ వెలుగుతుంది. రిబ్బన్ మార్చినంత మాత్రాన పతకం నకిలీ కాదు, ఎనభై ఏళ్లలో ఎలుకలూ చెదలూ గుడ్డను వదలవు.

పాతదనం నకిలీ చేసిన తీరు కూడా చెప్పాలి. 1939–45 స్టార్ సందుల్లో నలుపు ఉంది. దూది పుల్లను నెయిల్‌పాలిష్ తుడిచే ద్రవంలో ముంచి వెనకవైపు ఒక మూల రుద్దితే దూది నల్లగా అయింది, బూటు పాలిష్ వాసన వచ్చింది. ఏళ్లు పట్టిన నలుపు అలా వదలదు. ఇండియా సర్వీస్ మెడల్‌కు గంధకపు రసాయనం వాడినట్టుంది, ప్లాస్టిక్ కవరులో ఒక రాత్రి పెట్టి తీస్తే కుళ్లిన గుడ్ల వాసన. సహజమైన నలుపు ఎత్తైన చోట్ల పలచగా, సందుల్లో చిక్కగా ఉంటుంది. ముంచిన నలుపు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, తర్వాత ఎత్తుల మీద తోమిన గీతలు ఒకే దిక్కుగా పోతాయి.

వెండి పరీక్ష చేయించుకోవడానికి తిరుపతిలో ఇబ్బంది లేదు. గాంధీ రోడ్డు చుట్టుపక్కల బంగారం అంగళ్ల మధ్య టంచ్ చూసే చోట్లు ఉంటాయి, మిషన్ ఒకటి రెండు నిమిషాల్లో కాగితం తీసిస్తుంది. ఈ సేవ బాగుంది, కానీ అడిగే పద్ధతి తెలియాలి. ఎక్స్ కిరణాల మిషన్ చూసేది పై పొరనే. మందంగా వెండి పూత వేసిన ఇత్తడిని బల్ల మీద చదునుగా పెడితే వెండి అనే చూపించవచ్చు. అందుకే మూడు చోట్ల చూడమనండి: ముఖం మధ్య, బాగా అరిగిన ఎత్తు మీద, అంచు మీద. మూడు అంకెలూ దగ్గరగా ఉండాలి. అంచు దగ్గర జింక్ తలెత్తితే పూత కింద ఇత్తడి ఉన్నట్టు. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: "గీటురాయి మీద గీయొద్దు, ఆకురాయి పెట్టొద్దు, యాసిడ్ వద్దు, పాలిష్ వద్దు అన్నా" అని పతకం చేతికివ్వకముందే చెప్పండి. వాళ్లకు అది వెండి ముక్క. అలవాటు కొద్దీ అంచు మీద ఒక గీత గీస్తే సిపాయి నంబరులో ఒక అంకె పోతుంది. వెండి ధర పెరిగినప్పుడల్లా బ్రిటిష్ వార్ మెడళ్లు కరిగే కుండలోకి పోతూనే ఉన్నాయి. టంచ్ చూసిన చోటే కొంటామని అడుగుతారు, పేరున్న పతకాన్ని అక్కడ ఇవ్వకండి.

బ్రిటిష్ వార్ మెడల్‌కు నూరేళ్లు దాటాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు నిండిన కళాకృతులను, చేతిపని వస్తువులను పురావస్తువులుగా చూస్తుంది, వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి ఒప్పుకోదు. విదేశంలో ఉన్న కొనుగోలుదారుకు పార్సిల్ చేద్దామనుకునేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

18,000కు ఈ ఫ్రేము తీసుకోవద్దు. బర్మా స్టార్, వార్ మెడల్ రెండింటికీ విడిగా ధర చెప్పమనండి, ఆ రెండూ విడదీయకుండా ఒకే చేతికి పోవడం మంచిది. బ్రిటిష్ వార్ మెడల్‌ను పేరు మార్చినదిగా ఒప్పుకుని అమ్మితే తీసుకోవచ్చు. బ్యాడ్జి 1950 తర్వాతిదని చెప్పి అమ్మితే అదీ బాగున్న వస్తువే. మిగతా రెండింటికీ కాగితానికీ పైసా ఇవ్వకండి. "అన్నీ కలిపితేనే ఇస్తాం" అంటే వదిలేసి రండి.

తీసుకున్నవాటిని మళ్లీ వెల్వెట్ మీద అంటించొద్దు. వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ ఆల్బం కవర్లు కూడా వద్దు, వాటి నుంచి వచ్చే ఆవిరికి రాగి కలిసిన లోహం పచ్చగా చిలుము పడుతుంది. రబ్బరు బ్యాండ్ చుడితే వెండి మీద దాని గీత నల్లగా అచ్చు పడిపోతుంది. ఉతికి ఆరేసిన తెల్ల నూలు గుడ్డలో ఒక్కొక్కటీ విడిగా చుట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. వానాకాలం ముందు ఆ పొట్లం మార్చాలి. చింతపండు, విభూతి రెండూ దూరంగా ఉంచండి.